చేపల పెంపకము - మాంసకృత్తుల మేత

చేపల సాగులో పెట్టుబడిలో సగానికి మించిన భాగం మేతకే వ్యయమగును. మేతలో ఖరీదైనవి మాంసకృత్తులు. కనుక వాటిని ఎంత, ఎప్పుడు ఇవ్వవలెనన్నదే రైతు లాభనష్టాలను నిర్ణయిస్తుంది.

కొల్లేరు ప్రాంతంలో బొచ్చె, శీలావతి చేపలకు తవుడు, వేరుశనగ చెక్క కలిపి, రంధ్రాలున్న సంచులలో నింపి నీటిలో వ్రేలాడదీస్తారు. తవుడులో మాంసకృత్తులు తక్కువ, చెక్కలో ఎక్కువ. చెక్క ఎంత పెంచితే చేప అంత పెరుగుననుకొనుట పొరపాటు. అవసరానికి మించిన మాంసకృత్తులను చేప శరీరం ఇంధనంగా దహించి, అందలి నత్రజనిని మొప్పల ద్వారా అమ్మోనియాగా విసర్జిస్తుంది. రైతు వెచ్చించిన ధనమే చెరువు నీటికి విషమవుతుందన్నమాట.

1985లో శ్రీలంక శాస్త్రజ్ఞుడు సేనా డి సిల్వా తిలాపియా పిల్లలకు అధిక, అల్ప మాంసకృత్తుల మేతలను మార్చి మార్చి పెట్టి పరిశీలించారు. చేప జీర్ణశక్తి ప్రతిదినమూ ఒకే తీరుగా ఉండదన్నది ఈ విధానానికి ఆధారం. తరువాత బొచ్చె, శీలావతులపై జరిగిన పరీక్షలలోనూ పెరుగుదల కుంటుపడకుండా మాంసకృత్తులు ఆదా చేయవచ్చునని తేలింది. ఉదాహరణకు 30 శాతం మేతను ఒకనాడు, 20 శాతం మేతను మరునాడు సమాన తూకంలో పెడితే సగటు 25 శాతం; నిత్యం 30 శాతం మేత పెట్టుటతో పోల్చిన ఆరవ వంతు మిగులు.

అయితే చిరుపిల్లలకు మాంసకృత్తుల అవసరం హెచ్చు. వాటి విషయంలో ఈ పొదుపు తగదు. చేప వయస్సును, నీటి స్థితిని గమనించిన పిదపనే మేత తూచవలెను. అన్నం పెట్టుటలోనూ శాస్త్రమున్నదని విద్యార్థులు గ్రహింతురు గాక.