తెల్ల ఈకల గీతలు ఫొటోలో నిలవాలంటే

ప్రశ్న: తేలినీలాపురం పక్షుల కేంద్రంలో ఫొటోలు తీస్తే పక్షుల తెల్ల ఈకలు సున్నం పూసినట్టు వస్తున్నాయి. ఏం చేయాలి?

జవాబు: పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు ముదురు ఆకుల మధ్య కూర్చున్నప్పుడు కెమెరా ఆ చీకటిని చూసి వెలుగు పెంచేస్తుంది. దాంతో తెలుపులోని గీతలన్నీ చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ మైనస్ 1 దాకా తగ్గించండి, హిస్టోగ్రామ్ కుడి అంచును తాకకుండా చూడండి. పక్షి ఫ్రేమంతా నిండితే మాత్రం లెక్క తిరగబడుతుంది, కొంచెం పెంచాలి. రా (RAW) ఫైల్‌లో తీయడం తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం పొద్దుటి ఏటవాలు ఎండ. పక్కనుంచి పడే ఆ వెలుగులో ఒక్కో ఈక అంచుకీ సన్నని నీడ వస్తుంది. ఈకల నేత కనిపించేది ఆ నీడ వల్లే. ఫోకస్ కంటి మీద, షట్టర్ 1/1000, ఎగిరేటప్పుడు 1/2000.

గూళ్ల చెట్ల కిందికి దయచేసి వెళ్లొద్దు. తల్లి బెదిరి లేస్తే గుడ్లు కాకుల పాలవుతాయి.