సరిహద్దు మీద ఊరు: కౌలాస్ కోట

తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ముసునూరి నాయకుల పాఠం దగ్గర ఒక వాక్యం వస్తుంది. క్రీ.శ. 1350లో బహమనీ సుల్తాను అల్లావుద్దీన్ హసన్ తెలంగాణ మీదికి దండెత్తి వచ్చాడనీ, ఓరుగల్లు పాలకుడు కాపయ నాయకుడు కౌలాస్ కోటను అతనికి అప్పగించి సంధి చేసుకున్నాడనీ ఆ వాక్యం సారాంశం. గ్రూప్స్ కు చదివేవాళ్ళు సంవత్సరం కింద గీత గీసుకొని ముందుకు పోతారు. ఆ కౌలాస్ ఎక్కడ ఉందో చెప్పే ఓపిక పుస్తకానికి ఉండదు.

విద్యార్థి మిత్రులారా, ఆ కౌలాస్ మన కామారెడ్డి జిల్లాలోనే, జుక్కల్ మండలంలో ఉంది. ఎల్లారెడ్డి నుంచి నిజాంసాగర్ దాటి, పిట్లం మీదుగా పోతే పూట లోపల చేరుకోవచ్చు. ఈ హాస్టల్ అన్నం తిని చదువుకొని, ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి తరంగా ఎం.ఏ. దాకా వచ్చిన మేము, ఈ సంచికకు ఓరుగల్లు గురించో గోల్కొండ గురించో రాయవచ్చు. వాటి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. కౌలాస్ గురించి రాసేవాళ్ళు తక్కువ. అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాము.

ముందు భూమి సంగతి చూద్దాం. కోట కథ రాజులతో మొదలు కాదు, మట్టితో మొదలవుతుంది.

కామారెడ్డి, దోమకొండ, భిక్కనూరు వైపు పిల్లలకు తెలిసిన నేల ఎర్ర చెల్క. ఎటు చూసినా బండరాళ్ళు, గుండ్లు, వాటి మధ్య చెరువులు. ఈ రాయి గ్రానైటు. దీని వయసు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాల దాకా ఉంటుందని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. మంజీర దాటి జుక్కల్, మద్నూర్, బిచ్కుంద వైపు పోతే నేల రంగే మారిపోతుంది. అక్కడిది నల్లరేగడి. కింద ఉన్నది అగ్నిపర్వతాల లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. దీన్ని దక్కన్ ట్రాప్ అంటారు. సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరాల కింద పొరలు పొరలుగా పరుచుకున్న ఈ రాయి మహారాష్ట్రలో చాలా భాగాన్ని కప్పి ఉంది. దాని తూర్పు అంచు మన జిల్లాలోకి వచ్చి ఆగిపోతుంది.

మట్టి మారితే బతుకు మారుతుంది. చెల్క భూమిలో నీరు నిలవదు. వాన ఆగిన వారానికే పైరు వాడుతుంది. కాబట్టి రెండు గుట్టల మధ్య కట్ట వేసి, తూము పెట్టి, మత్తడి కట్టి నీళ్ళు ఆపుకోవాలి. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండాలి. కాకతీయుల రాజ్యం ఈ గొలుసుకట్టు చెరువుల మీదనే నిలబడింది. పాఖాల, రామప్ప, లక్నవరం అందరికీ తెలిసిన పేర్లే. చెరువు కట్టించినవాడు నాయకుడయ్యాడు, చెరువు కింద వరి పండించినవాడు పన్ను కట్టాడు. రేగడి భూమిలో ఇంత తిప్పలు అక్కర లేదు. వానాకాలం తాగిన నీటిని ఆ మట్టి దాచుకొని, చలికాలం జొన్నకు, శనగకు కొంచెం కొంచెంగా ఇస్తుంది. చెరువు లేకపోయినా యాసంగి పంట చేతికి వస్తుంది. అందుకే ఆ వైపు జొన్నరొట్టె, ఈ వైపు వరి అన్నం. మన మెస్సులో మొదటి వారం జుక్కల్ తమ్ముళ్ళు రొట్టె కోసం మొహం వాచి తిరిగేది ఇందుకే!

నిజాం కాలంలో అచ్చయిన గెజిటీర్లు కూడా హైదరాబాద్ రాజ్యాన్ని ఇలాగే రెండుగా విడదీశాయి. వాయవ్యాన నల్లరాయి, రేగడి, మరాఠీ మాట. ఇటు గ్రానైటు, చెల్క, తెలుగు మాట. ఈ రెండింటి మధ్య హద్దుగా గోదావరినీ, మంజీరనూ చూపాయి.

మంజీర నడక కూడా విచిత్రమైనది. మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, ఆగ్నేయంగా లాతూరు, బీదరు ప్రాంతాల గుండా వచ్చి, సంగారెడ్డి జిల్లాలో వంక తిరిగి ఉత్తరానికి మళ్ళుతుంది. మొత్తం 724 కిలోమీటర్లు నడిచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటం తీసి వేలితో ఆ దారి గీయండి. పెద్ద కొడవలి లాంటి వంపు కనబడుతుంది. ఆ వంపు లోపల, నదికి పడమటి పక్కన కౌలాస్ ఉంది. పక్కనే కౌలాస్ వాగు మంజీర వైపు పారుతుంది (ఇప్పుడు దాని మీద కౌలాస్ నాలా ప్రాజెక్టు ఉంది). నదికి తూర్పున ఎల్లారెడ్డి, బాన్సువాడ, ఇంకొంచెం ఉత్తరాన బోధన్. పడమటి నుంచి తెలంగాణలోకి దిగే సైన్యం ఈ వంపులోకి వస్తే, ముందు కౌలాస్ గుట్టను దాటాలి, తర్వాత నదిని దాటాలి. కోట ఎందుకు అక్కడే కట్టారో పటమే చెబుతున్నది. ఇవాళ సంగారెడ్డి నుంచి నాందేడ్ పోయే జాతీయ రహదారి కూడా పిట్లం, మద్నూర్ మీదుగా ఈ నేల మీదనే పోతుంది.

ఇక చరిత్ర. కాకతీయులకు ముందే ఈ ప్రాంతానికి పేరుంది. వేములవాడ చాళుక్యులు మొదట బోధన్ నుంచి ఏలి, తర్వాత వేములవాడకు మారారు. కన్నడ ఆదికవి పంపడు ఆ వంశపు రెండవ అరికేసరి కొలువులో ఉన్నాడు. తెలుగు నేల మీది రాజు దగ్గర కన్నడ కవి ఉండటం అప్పటివారికి వింత కాదు. ఈ హద్దు మీద భాషలు ఎప్పుడూ కలిసే ఉన్నాయి.

1323లో ఢిల్లీ సేనలు ఉలుగ్ ఖాన్ నాయకత్వంలో ఓరుగల్లును పట్టుకున్నాయి. ఇతడే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. బందీగా ఢిల్లీకి తీసుకుపోతుండగా ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున చనిపోయాడు. పదమూడేళ్ళు గడవక ముందే కథ తిరగబడింది. 1336 ప్రాంతంలో ముసునూరి కాపయ నాయకుడు ఢిల్లీ అధికారిని వెళ్ళగొట్టి ఓరుగల్లులో నిలబడ్డాడు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటుంది. దేవగిరిలో (అప్పటికి దౌలతాబాద్) ఢిల్లీ మీద తిరుగుబాటు చేసిన అమీర్లకు కాపయ నాయకుడు సాయం పంపాడు. ఇద్దరికీ శత్రువు తుగ్లకే కదా! ఆ తిరుగుబాటు గెలిచింది. 1347లో అల్లావుద్దీన్ హసన్ బహమన్ షా సింహాసనం ఎక్కి, గుల్బర్గాను రాజధాని చేసుకున్నాడు. మూడేళ్ళు తిరగకుండానే ఆ మిత్రుడే దండెత్తి వచ్చాడు. మన పుస్తకాలు దీన్ని మతాల పోరుగా ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాయి. మా అభిప్రాయం వేరు. ఢిల్లీ అనే పెద్ద శత్రువు పోగానే, మిగిలిన ఇద్దరికీ మధ్య హద్దు ఎక్కడ అనే ప్రశ్న వచ్చింది. దానికి జవాబు కౌలాస్.

1350లో కౌలాస్ చేయి మారింది. రేగడి నేల దాదాపుగా బహమనీలది, చెల్క నేల ఓరుగల్లుది అన్నట్టు ఒక గీత పడింది. ఆ గీతకు కాపయ నాయకుడు ఒప్పుకున్నాడు గానీ మనసులో ఒప్పుకోలేదు. బహమన్ షా 1358లో చనిపోగా, కొడుకు మొదటి మహమ్మద్ షా గద్దె ఎక్కాడు. అదే అదనుగా కాపయ నాయకుడు తన కుమారుడు వినాయక దేవుణ్ణి కౌలాస్ మీదికి పంపాడు. దాడి ఫలించలేదు. ఆ తర్వాత గుల్బర్గాకు పోతున్న గుర్రాల వర్తకుల నుంచి వినాయక దేవుడు మేలైన గుర్రాలను బలవంతంగా కొన్నాడనీ, సుల్తాను ఆగ్రహించి స్వయంగా వచ్చి అతన్ని పట్టి చంపించాడనీ ఫెరిష్తా రాశాడు. ఫెరిష్తా ఆ సంఘటనలకు రెండు వందల ఏళ్ళకు పైగా ఆలస్యంగా, బీజాపూరు సుల్తాను ఆశ్రయంలో కూర్చొని రాసినవాడు. కాబట్టి అతని మాటను వినవలసిందే, కానీ తూకం వేసి వినాలి. ఒకటి మాత్రం నిజం. దక్కనులో మంచి గుర్రాలు పుట్టవు, సముద్రం మీద అరబ్బు, పారశీక దేశాల నుంచి రావాలి. ఆనాడు గుర్రం కోసం యుద్ధం జరిగిందంటే, ఈనాడు చమురు కోసం జరగటం లాంటిదే.

1364 ప్రాంతంలో చివరి సంధి జరిగింది. ఈసారి కాపయ నాయకుడు వదులుకున్నది గోల్కొండను. తుగ్లక్ కోసం చేయించి పెట్టారని చెప్పే ఫిరోజా సింహాసనం కూడా కానుకగా గుల్బర్గాకు పోయింది. హద్దు కౌలాస్ నుంచి ఒక్కసారిగా వంద కిలోమీటర్లకు పైగా ఆగ్నేయానికి జరిగి గోల్కొండ దగ్గర ఆగింది. పరీక్షలో గోల్కొండ అప్పగింత గురించి అడుగుతారు. ఆ గోల్కొండ కథకు మొదటి మెట్టు మన జుక్కల్ మండలంలో ఉందని ఎవరూ అడగరు.

హద్దు జరిగిపోతే సరిహద్దు కోట ఏమవుతుంది? దూరదేశపు ఉదాహరణ ఒకటి చూద్దాం. ఫ్రాన్సు దక్షిణాన కార్కసోన్ అనే చిన్న పట్టణం ఉంది. ఓడ్ నది ఒడ్డున, గుట్ట మీద, జంట గోడల కోట. 1258లో ఫ్రాన్సు రాజుకూ, అరగాన్ రాజుకూ మధ్య కోర్బేయ్ సంధి జరిగాక ఆ కోట ఫ్రాన్సు సరిహద్దును కాసింది. 1659లో పిరనీస్ సంధితో హద్దు దక్షిణానికి జరిగింది. కోటకు పని లేకుండా పోయింది. గోడల రాళ్ళు ఊడిపోయాయి, కూల్చేద్దామన్న దాకా వచ్చింది. ఊరివాళ్ళూ, చరిత్ర ప్రేమికులూ అడ్డం పడ్డారు. 1853 నుంచి వియొలే ల్యు డ్యూక్ అనే వాస్తుశిల్పి మరమ్మతులు చేయించాడు. 1997లో అది ప్రపంచ వారసత్వ స్థలమైంది.

కౌలాస్ అంత త్వరగా పని కోల్పోలేదు. బహమనీలు రాజధానిని బీదరుకు మార్చాక ఈ కోట రాజధానికి దగ్గరి కోట అయింది. బహమనీ రాజ్యం చీలిపోయాక బీదరు బరీద్ షాహీలూ, గోల్కొండ కుతుబ్ షాహీలూ దీని కోసం పోట్లాడుకున్నారు. అంటే పాత హద్దు మళ్ళీ లేచి కూర్చుంది! అసఫ్ జాహీల కాలంలో రాజపుత్ర వంశపు రాజులు ఇక్కడ ఉన్నారు. వారిలో రాజా దీప్ సింగ్ 1857 తిరుగుబాటుకు తోడ్పడినందుకు శిక్ష అనుభవించాడు. అది వేరే వ్యాసం అవుతుంది, ఇక్కడ ఆపుతున్నాము.

మన పట్టణాల పేర్ల సంగతి కూడా ఒక మాట. పదహారవ శతాబ్దంలో బిక్కనవోలు (నేటి భిక్కనూరు) ప్రభువుల వంశంలో కామినేని మల్లారెడ్డి అనే కవి ఉన్నాడు. షట్చక్రవర్తి చరిత్ర, శివధర్మోత్తరము ఆయన కావ్యాలు. ఆ వంశంలోని కామారెడ్డి, ఎల్లారెడ్డి అనే వారి పేర్లే ఈ రెండు ఊళ్ళకు వచ్చాయని పెద్దలు చెబుతారు. తర్వాతి కాలంలో ఆ వంశానిదే దోమకొండ సంస్థానం. అక్కడి గడికోటను బాగుచేయించినందుకు 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం దక్కింది. వారసులు ఉన్న కోటకు సున్నం పడింది. కౌలాస్ కు మనమూ వారసులమే.

ఈ హద్దు పాతబడిపోయిన సంగతి అనుకోవద్దు. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషల ప్రకారం పంచినప్పుడు, నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్ళను విడదీసి తెలుగు రాష్ట్రంలో కలిపారు. రాష్ట్రాల పునర్విభజన చట్టంలోనే ఈ రెండు పేర్లు ఉన్నాయి. అంటే 1956 దాకా జుక్కల్ వాళ్ళ జిల్లా నాందేడ్. గీత ఇటు జరిగినా, అటు జరిగినా, ఊళ్ళు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. చుట్టాలు దెగ్లూరులో, ఔరాద్ లో ఉంటారు. కొన్ని ఇళ్ళలో తల్లిని ఇప్పటికీ 'ఆయీ' అని పిలుస్తారు. సంతలో తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినబడతాయి.

మన హాస్టల్లో జుక్కల్, మద్నూర్ నుంచి వచ్చిన తమ్ముణ్ణి "మరాఠోడు" అని ఎక్కిరించటం మేము ఉన్నప్పుడూ ఉండేది, ఇప్పుడూ ఉందని విన్నాము. ఎనిమిదో తరగతిలో వచ్చిన ఒక పిల్లవాడు ఆ మాట పడలేక దసరా సెలవులకు ఇంటికి పోయి, మళ్ళీ రాలేదు. అతనిది తప్పు తెలుగు కాదు. ఏడు వందల ఏళ్ళుగా రెండు రాజ్యాలు గుంజుకున్న నేల మీది తెలుగు. మూడు భాషలు చెవిన పడుతూ పెరిగిన పిల్లవాడు, ఒక్క భాషతో పెరిగినవాడి ముందు తలవంచుకొని కూర్చోవటం మాకు అన్యాయంగా తోస్తుంది.

చదివే తమ్ముళ్ళకు కొన్ని పనికొచ్చే మాటలు. కౌలాస్ పోవాలంటే డిసెంబరు, జనవరి నెలలు మంచివి. జొన్న చేను నిలబడి ఉంటుంది, రేగడి ఆరి ఉంటుంది. వానాకాలం పోతే చెప్పులకు శేరు మట్టి అంటుకుంటుంది. అప్పటి సైన్యాలు దసరా దాటాకే ఎందుకు బయలుదేరేవో నాలుగు అడుగులు వేస్తే తెలిసిపోతుంది. గుట్ట ఎక్కేటప్పుడు నీళ్ళ సీసా పట్టుకోండి, పొదల్లో చేయి పెట్టకండి, గోడల మీద పేర్లు చెక్కకండి. దారిలో రెండు పొట్లాలు కట్టుకోండి. ఎల్లారెడ్డి దగ్గర పిడికెడు మట్టి ఒక దానిలో, జుక్కల్ దగ్గర పిడికెడు ఇంకొక దానిలో. హాస్టల్ కు వచ్చాక రెండింటినీ గ్లాసు నీళ్ళలో వేసి, ఏది ఎంతసేపటికి తేరుకుంటుందో చూసి, నోటు బుక్కులో రాసి పెట్టండి.