ఓడిన పిల్లలకు కిటికీ సీటు

సనత్‌నగర్‌లో ముప్పై ఏళ్లు పీఈటీగా చేశాను. రిటైరై తొమ్మిదేళ్లయినా ఎర్రగడ్డ రైతుబజారుకు సంచి పట్టుకుని వెళ్తే ఎక్కడో ఓ మూల నుంచి ‘డ్రిల్ సార్’ అని కేక వినబడుతూనే ఉంటుంది. కబడ్డీ, ఖోఖో ఆడించాను. గెలిపించడం ఎలాగో చెప్పమంటే నా దగ్గర పెద్ద సరుకు లేదు. మా జట్లు జోనల్స్ దాటిందే తక్కువ. ఓడి ఏడ్చిన పిల్లల్ని మాత్రం చాలామందిని చూశాను. ఆ లెక్కలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు ఉండడనుకుంటాను.

1. ఆఖరి విజిల్ పడ్డాక పెద్దవాళ్లు కాసేపు నోరు కట్టేసుకోవాలి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్న పాఠం. జోనల్ ఫైనల్, అర నిమిషం ఆట మిగిలుంది, మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. తొమ్మిదో తరగతి కుర్రాడు కూతకు వెళ్లాడు. అవతల ఆరుగురున్నారు కాబట్టి బోనస్‌కు వీలుంది. ముందు కాలు గీత దాటించాడు, కానీ వెనక కాలు నేల వదల్లేదు. బొటనవేలు మట్టిలోనే ఉంది. రెఫరీ బోనస్ ఇవ్వలేదు, ఆయన చేసింది సరైన పనే. పిల్లాడు కోర్టులోనే బోర్లాపడి మట్టిలో మొహం పెట్టుకుని ఏడ్చాడు. నేను వెళ్లి జబ్బ పట్టి లేపి, అందరి ముందూ, “లేవురా, ఆడివిల్లల్లెక్క ఏడుస్తవేందిరా” అన్నాను. వెంటనే లేచాడు. మొహం తుడుచుకున్నాడు. నా మాట పనిచేసిందనే అనుకున్నాను. మర్నాటి నుంచి గ్రౌండ్‌కు రాలేదు.

చాలా ఏళ్లకు కూరగాయల మూటలు దించుతూ కనిపించాడు. “నమస్తే సార్” అన్నాడు నవ్వుతూ. ఆ రోజు సంగతి తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను. ఇంకో మాట. నా ఖోఖో అమ్మాయిలు హోరుమని ఏడ్చి పది నిమిషాల్లో లేచి గోలీ సోడా తాగేవాళ్లు. రెండ్రోజులు అన్నం మానేసి ముసుగు తన్ని పడుకున్నది మగపిల్లలే.

2. ఏడుపులన్నీ ఒకటి కాదు.

సరిగా ఆడలేకపోయానన్న ఏడుపు ఒకటి. తొండి జరిగిందన్న ఏడుపు ఇంకొకటి. రెండో దానికి ఓదార్పు పనిచేయదు, వినేవాళ్లు కావాలి. 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ సెమీస్. పి.వి.సింధు యమగూచి మీద మొదటి గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 14-11తో ముందుంది. సర్వీసుకు ఆలస్యం చేస్తోందని అంపైర్ ఒక పాయింటు ప్రత్యర్థికిచ్చేశాడు. సింధు ఎంత వాదించినా లాభం లేకపోయింది. ఆ గేమ్ 19-21తో, తర్వాతిది 16-21తో పోయాయి. అప్పటికే ఆమెకు రెండు ఒలింపిక్ పతకాలున్నాయి, అయినా కళ్లనీళ్లు పెట్టుకుంది. కొన్నాళ్లకు ఆసియా బ్యాడ్మింటన్ వాళ్లు పొరపాటు జరిగిందని క్షమాపణ చెబుతూ ఉత్తరం రాశారు. మన బడిపిల్లలకు అలాంటి ఉత్తరం ఎవరూ రాయరు. కాబట్టి “సార్, నేను ఔట్ కాలే సార్” అంటూ పిల్లాడు వెక్కుతుంటే ముందు మొత్తం వినండి. వాడిది తప్పే అయితే ఆ మాట రేపు చెప్పొచ్చు.

3. చివర ఔటైనవాడే ఓడించాడనుకోవడం మన అలవాటు.

2025 జూలై 14న లార్డ్స్‌లో ఇంగ్లండ్ మీద టెస్టులో మన లక్ష్యం 193. మన హైదరాబాద్ ఆటోడ్రైవర్ కొడుకు సిరాజ్ ఆఖరి వికెట్‌గా జడేజాకు తోడు నిలబడి 30 బంతులు కాచాడు. బషీర్ వేసిన బంతిని బ్యాట్ మధ్యలోనే ఆడాడు. అది నేల మీద పడి, వెనక్కి తిరిగి, నెమ్మదిగా దొర్లుకుంటూ వెళ్లి వికెట్లకు తగిలింది. బెయిల్ ఒకటి కింద పడింది, అంతే. 22 పరుగుల తేడాతో ఓడిపోయాం. సిరాజ్ ఉన్నచోటే కూలబడిపోయాడు. రూట్, క్రాలీ వచ్చి భుజం తట్టారు. అంతకుముందు బ్యాట్స్‌మెన్ అని పేరున్నవాళ్లు ఎంతమంది వచ్చి వెళ్లారో ఎవరికీ గుర్తులేదు, అందరికీ గుర్తున్నది ఆ దొర్లిన బంతే.

సరిగ్గా మూడు వారాలకు, ఆగస్టు 4న, ఓవల్‌లో అదే సిరాజ్ ఐదో వికెట్ తీసి 6 పరుగులతో గెలిపించాడు. ముందురోజు బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కింది కూడా తనే. ఈ కథను పిల్లలకు చెప్పాలని నాకూ నోరూరుతుంది. కానీ ఏడుస్తున్నప్పుడు చెప్పను. ప్రతి పిల్లాడికీ మూడు వారాల్లో ఓవల్ దొరకదు. మా వాడికి ఆ బోనస్ మళ్లీ దొరకనేలేదు. ఆ సమయంలో చేయాల్సిన పని వేరే ఉంది. స్కోర్‌షీట్ జేబులోంచి తీసి, మొదటి సగంలో మనం పోగొట్టుకున్న పాయింట్లన్నీ జట్టు ముందు చదవాలి, పేర్లు లేకుండా. ఎవరి పాయింటు ఎవరిదో వాళ్లకే తెలుస్తుంది.

4. ఫోన్లు జేబులో పెట్టుకోండి.

2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0-5తో ఓడి కెమెరాల ముందు ఏడ్చింది. అప్పటికి ఆమె రెండుసార్లు ప్రపంచ చాంపియన్, 28 ఏళ్ల మనిషి. తట్టుకోగలదు. పదమూడేళ్ల పిల్ల ఏడుపు సాయంత్రానికి కాలనీ వాట్సాప్ గ్రూపులో ‘సో క్యూట్’ అని తిరిగితే సోమవారం బడికి ఏ మొహంతో వెళ్తుంది?

5. ఏడవని పిల్లల మీద ఒక కన్నేసి ఉంచండి.

మా ఖోఖో కెప్టెన్ ఒకమ్మాయి, ఓడిన రోజు అందరి జెర్సీలూ మడతపెట్టి, లెక్కపెట్టి, ఒకటి తక్కువైందని గ్రౌండంతా వెతికి తెచ్చింది. “చూడండి, ఎంత పెద్దరికమో” అని మెచ్చుకున్నాను. ఆ రాత్రి ఒళ్లు కాలిపోయే జ్వరం. వాళ్లమ్మ నన్ను నిలదీసేదాకా నాకు తెలియలేదు.

రియోలో 2016 ఆగస్టు 19న సింధు ఫైనల్ ఓడి, కోర్టులో పడి ఏడుస్తున్న విజేత మారిన్ దగ్గరకు తనే వెళ్లి లేపి కౌగిలించుకుంది. కింద పడున్న ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది. 21 ఏళ్ల పిల్ల! నేనూ కొన్నాళ్లు ఆ వీడియో చూపించి, “ఓడితే ఇలా ఉండాలి” అని పాఠం చెప్పాను. తర్వాత మానేశాను. సింధు ఆ రోజు ఒలింపిక్ రజతంతో కోర్టు దిగింది, మా పిల్లలు దోక్కుపోయిన మోకాళ్లతో దిగుతారు. పైగా ఆ మంచితనం ఆమెకు లోపలి నుంచి వచ్చింది. దాన్ని నేను బెత్తంలా వాడుతున్నానని ఆలస్యంగా వెలిగింది.

6. ఇంటికి భయపడి ఏడ్చేవాళ్లున్నారు.

మా దగ్గర ఇది ఎక్కువ. పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి వచ్చే తండ్రి. పక్కనే అమీర్‌పేట, గోడల నిండా కోచింగ్ బోర్డులు. గెలిచినన్నాళ్లూ ఆటను చూసీచూడనట్టు వదిలేస్తారు. ఓడిన రోజు పంచాయితీ మొదలవుతుంది. “ఓడిపోయింది కద సార్, ఇగ చాలు. వచ్చే ఏడు టెన్త్” అన్నాడొక తండ్రి. “లెక్కల్లో ఫెయిలైతే బడి మాన్పిస్తవా?” అన్నాను. నవ్వి, టీ ఇప్పించాడు. అమ్మాయిని మాత్రం పంపలేదు. అప్పటి నుంచి ఫైనల్ ముందురోజే తల్లిదండ్రులతో మాట్లాడటం మొదలుపెట్టాను, ఓడితే ఏం చేస్తారని. ముందే అడిగితే కొంచెం మెత్తగా జవాబిస్తారు.

7. ముందు నీళ్లు, తర్వాత అరటిపండు, మాటలు ఆ తర్వాత.

8. తిరుగు ప్రయాణంలో కిటికీ సీటు ఓడించాననుకుంటున్నవాడికే.

ఇది నేను పెట్టిన నియమం కాదు, పిల్లలే పెట్టుకున్నారు. మొహం బయటికి తిప్పుకుని ఏడవొచ్చు, గాలికి కళ్లు ఆరిపోతాయి, పక్కవాడు నిద్ర నటిస్తాడు. లాల్ బహదూర్ స్టేడియం నుంచి పంజాగుట్ట ట్రాఫిక్‌లో పడి సనత్‌నగర్ చేరేసరికి ఎంత ఏడుపైనా అయిపోయేది. ఆ లెక్కన సిగ్నళ్లు కూడా మంచివే. బాల్కంపేట ఎల్లమ్మ గుడి దగ్గర ఎవడో ఒకడు జోకు వేసేవాడు.

నా సర్వీసులో చివరి ఏడు, ఒకే మ్యాచ్‌లో ముగ్గురు “నా వల్లే” అన్నారు. మేం ఎక్కింది చిన్న వ్యాను, తెరుచుకునే కిటికీలు రెండే. వాళ్లు తలుపు దగ్గర నిలబడి, కళ్లు తుడుచుకుంటూనే, ఎవరి తప్పు పెద్దదో వాదించుకోవడం మొదలుపెట్టారు. డ్రైవర్ కాసేపు చూసి హారన్ కొట్టాడు. “నా పక్క సీటుకు కూడా కిటికీ ఉంది కద సార్, మీరు లేచి ఎనకకు పోండి” అన్నాడు.