రెండు విధముల మందు – బండి నడుపువాని బాధ్యత

మన వాడుకలో “మందు” అను మాటకు రెండర్థములు గలవు. వైద్యుడిచ్చునది మందే, సారా దుకాణమున అమ్మునదియు మందే. మొదటిది రోగమును పోగొట్టును, రెండవది ఒళ్లు గుల్ల చేయును. కాని బండి నడుపువాని విషయమున ఈ రెండింటికిని ఒక పోలిక కలదు. దానిని గ్రామ సోదరులకు తెలియజెప్పుటయే మా ఉద్దేశము.

నేడు మోటారు సైకిలు, ఆటో, ట్రాక్టరు లేని పల్లె అరుదు. బండిని నడుపునవి కాలుసేతులని మనమనుకొందుము. నిజమునకు నడుపునది మెదడు. ఎదుట గేదె అడ్డము వచ్చినచో కన్ను చూడవలెను, మెదడు గ్రహింపవలెను, ఆ తరువాతనే బ్రేకు పడును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు సాగిపోవును. మెదడు అర సెకను మందగించినచో బ్రేకు పడులోగా మరి 8 మీటర్లు ముందుకు పోవును. ప్రాణములు దక్కుటయు, పోవుటయు ఆ 8 మీటర్లలోనే యున్నది.

మద్యము కాళ్లను తూలింపక మునుపే వివేకమును చెరచును. అందుచేతనే త్రాగినవాడు “నాకేమియు కాలేదు” అనును. అతనికి నిజముగనే అట్లు తోచును. ప్రమాదమంతయు అందే యున్నది. మజ్జిగ త్రాగినను, చన్నీళ్ల స్నానము చేసినను నిషా త్వరగా దిగదు. కాలేయము దానిని నెమ్మదిగా హరింపవలసినదే. రాత్రి అధికముగా త్రాగినవాని రక్తములో తెల్లవారిన పిదపకూడ మద్యము మిగిలియుండవచ్చును.

ఇక ఔషధముల మాట. జలుబునకును, దురదకును వాడు క్లోర్‌ఫెనిరమిన్ వంటి మాత్రలు మగతను కలిగించును. కొన్ని దగ్గు మందులును, నిద్ర మాత్రలును, మూర్ఛ మాత్రలును అట్టివే. మధుమేహమునకు ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ మాత్ర గాని పుచ్చుకొని, అన్నము తినక పొలమునకు బయలుదేరినచో రక్తములో చక్కెర పడిపోయి, చెమటలు పట్టి, కన్నులు చీకట్లు క్రమ్మి స్పృహ తప్పవచ్చును. మత్తు కలిగించు మాత్రకు మద్యము తోడైనచో రెండింటి మత్తును కలిసి పెరుగును. తెలంగాణలో కొన్నిచోట్ల కల్తీ కల్లులో అల్ప్రజోలాం అను మత్తుమందు కలుపుట బయటపడినది. అట్టి కల్లు త్రాగినవాడు తానెరుగకయే ఈ రెండు మందులను పుచ్చుకొన్నవాడగును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము, 185వ సెక్షను ప్రకారము 100 మిల్లీలీటర్ల రక్తములో 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండగా బండి నడుపుట నేరము. మత్తు పదార్థము వలన అదుపు తప్పిన స్థితిలో నడుపుటయు నేరమే. 2019 సవరణ ననుసరించి మొదటి నేరమునకు 6 నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో జైలు 2 సంవత్సరముల వరకును, జరిమానా 15,000 రూపాయలును కావచ్చును.

కావున కొన్ని నియమములు పాటింపవలెను. మందు వ్రాయించుకొనునపుడు “నేను బండి నడుపుదును, దీనివలన మగత వచ్చునా?” అని వైద్యుని అడుగవలెను. వచ్చునన్నచో వేరొక మందు గలదేమో కనుగొనవలెను. బండి కొరకు మందును మాత్రము స్వయముగా మానరాదు. మూర్ఛకు, మధుమేహమునకు వాడు మందులను మానుట మరింత అపాయము. క్రొత్త మాత్ర మొదలిడిన దినములలో తాళము వేరొకరి చేతికీయవలెను. పెండ్లికి, జాతరకు పోవునపుడు త్రాగనివాడే బండి నడుపవలెను.

మిరప కోతకు పోవు ఆటోలో కూలి తల్లులు పదిమంది కూర్చుందురు. డ్రైవరు ఏ మాత్ర వేసికొనెనో, రాత్రి ఏమి త్రాగెనో వారెరుగరు, అతడొక్కడే ఎరుగును. ఎక్కినవారిని క్షేమముగా ఇల్లు చేర్చు భారము ఎరిగిన వానిదే.