మంచు 0 డిగ్రీల దగ్గరే ఉంటుంది, బలం ఉండదు

గుప్తోష్ణం లెక్కలు మనమంతా మార్కుల కోసం చేసినవే. అదే లెక్కను నమ్ముకుని ఎత్తైన కొండలెక్కేవాళ్ళున్నారని తెలిశాక నాకు ఆ పాఠం కొత్తగా కనబడింది. అందుకే ఈ వ్యాసం.

స్కీ మౌంటెనీరింగ్ అంటే లిఫ్టులూ రోప్‌వేలూ లేని శిఖరాన్ని సొంత కాళ్ళతో ఎక్కి, స్కీల మీద జారుతూ దిగడం. ఎక్కేటప్పుడు స్కీ అడుగున 'స్కిన్' అనే నూగు పట్టీ అంటిస్తారు. పిల్లి వీపును తోక వైపు నిమిరితే సాఫీగా ఉంటుంది, ఎదురు నిమిరితే అడ్డుపడుతుంది కదా, ఇదీ అంతే. ముందుకు జారుతుంది, వెనక్కి జారనివ్వదు. దిగేముందు దాన్ని పీకేసి, మడమలు బిగించుకుంటారు.

అమెరికాలోని కొలరాడోలో 14,000 అడుగులు, అంటే సుమారు 4,267 మీటర్లు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో 54 శిఖరాల నుంచి స్కీల మీద దిగిన మొదటి వ్యక్తి లూ డాసన్. 1978లో మొదలైన ఆ పని 1991లో పూర్తయింది. అక్కడ ఇలాంటి దిగుడుకు చాలామంది ఎంచుకునేది వసంతకాలాన్నే. ఎందుకు?

చలికాలంలో అక్కడ మంచు పలచగా ఉంటుంది. నేల దగ్గర సుమారు 0 డిగ్రీలు, పైన విపరీతమైన చలి. ఈ తేడా వల్ల అడుగు పొర పంచదార పలుకుల్లా విడిపోతుంది. దాని మీది పొర ఒక్కసారిగా జారితే అదే మంచు చరియ. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం ఎక్కువ. స్కీయర్లకు నచ్చే వాలు కూడా అదే!

వసంతంలో పగలు కరిగిన నీరు లోపలికి ఇంకి, రాత్రి గడ్డకట్టి, గింజల్ని అతుకుతుంది. ఎండకు పైపైన ఒకటి రెండు అంగుళాలు మెత్తబడ్డప్పుడు జారడం మహా హాయి. మొక్కజొన్న గింజల పోలికతో దాన్ని 'కార్న్ స్నో' అంటారు. ఇంకా ఆలస్యమైతే అతుకులు కరిగి, మొత్తం తడి మంచు కదలొచ్చు.

ఇక్కడే మన లెక్క. కిలో ఐసును ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 2.1 కిలోజౌళ్ళు చాలు. 0 డిగ్రీల దగ్గర కరిగించడానికి 334 కావాలి. ఆ వేడి లోపలికి పోతున్నంతసేపూ థర్మామీటర్ కదలదు. పొద్దున మెత్తబడుతున్న మంచూ, మధ్యాహ్నం నీరు పట్టిన మంచూ రెండూ 0 డిగ్రీలే. బలం మాత్రం ఒకటి కాదు.

రాత్రి సంగతీ చూడాలి. ఆకాశం నిర్మలంగా ఉంటే మంచు తన వేడిని రేడియేషన్‌గా వదిలేస్తుంది. గాలి 0 కంటే కాస్త పైనున్నా పైపొర గడ్డకట్టొచ్చు. మబ్బు పట్టిన రాత్రి మన ఊళ్ళో ఉక్కపోసినట్టే, అక్కడా వేడి సరిగా పోదు. మంచు గడ్డకట్టని పొద్దున వెళ్ళకపోవడమే తెలివి.

అందుకే తెల్లవారుజామున రెండు మూడు గంటలకే తలకు లైటు కట్టుకుని బయల్దేరతారు. ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆఖర్న పడమర. బూటు చీలమండ దాటి దిగబడుతోందంటే, శిఖరం ఇంకో వంద మీటర్లే ఉన్నా సరే, ఆ వాలు వదిలెయ్యాలి. చరియ కింద పడ్డవాళ్ళకు మొదటి పది పదిహేను నిమిషాలు దాటితే బతికే అవకాశం వేగంగా పడిపోతుంది. బీకన్, ప్రోబ్, పార దగ్గరుండాల్సిందే, కానీ అవి ప్రమాదం జరిగాక పనికొచ్చేవి. జరగకుండా కాపాడేది, వెనక్కి తిరిగే టైము కింద ఉండగానే నిర్ణయించుకోవడం. పైన అలసట, ఆశ కలిసి చెప్పే మాట నమ్మదగింది కాదు.

రేపు మనం ఏ ప్లాంటులోనో, సైటులోనో ఉంటాం. మీటర్లో అంకె మారలేదని ధీమా పడేముందు, లోపల ఏం మారుతోందో ఒక్కసారి అడుగుదాం.