ఎండలోని విటమిన్

మయూరకవి సూర్యుని శతశ్లోకాలతో స్తుతించి కుష్ఠువ్యాధి నుండి విముక్తుడయ్యాడని ఐతిహ్యం. అందలి సత్యాసత్యాల మాట అటుంచితే, వెలుగుకూ ఆరోగ్యానికీ సంబంధం ఉన్నదన్న విశ్వాసం ఎంత ప్రాచీనమైనదో ఈ కథ చెబుతున్నది. ఆధునిక కాలంలో కాంతిని చికిత్సగా మలచినవాడు కోపెన్‌హాగన్‌లో పనిచేసిన వైద్యుడు నీల్స్ ఫిన్సెన్. చర్మక్షయ రోగులకు కాంతికిరణాలతో చికిత్స చేసినందుకు 1903లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. విటమిన్ డి అన్న పేరైనా అప్పటికి పుట్టలేదు. 1922లో మెకాలమ్ ఆ పేరు పెట్టాడు.

నిజానికి దీనిని విటమిన్ అనడం పూర్తిగా సమంజసం కాదు. ఎండ సోకిన చర్మంలో ఇది తనంత తానే తయారవుతుంది. కాలేయంలోను, మూత్రపిండాలలోను రూపాంతరం చెంది హార్మోను వలె పనిచేస్తుంది. ఎముకల పుష్టికి ఇది ఆవశ్యకమని చాలాకాలం నుండి తెలిసినదే. రోగనిరోధక వ్యవస్థకు కూడా దీనితో పని ఉన్నదని తరువాత వెల్లడైంది. తెల్లరక్తకణాలలో టి-కణాలు ఒక తెగ. వీటిలో కొన్ని క్యాన్సరు కణాలను గుర్తించి సంహరించగలవు. అయితే శత్రువు జాడ తగిలినప్పుడు అవి ముందు మేల్కొనాలి. ఆ మేల్కొలుపునకు విటమిన్ డి తోడ్పడుతుందని 2010లో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించారు. ఫిన్సెన్ దీపాలు వెలిగించిన నగరమే అది!

ఇంతమాత్రాన ఇది క్యాన్సరుకు మందు అనుకోరాదు. అమెరికాలో 25,871 మందితో ఒక బృహత్పరిశోధన జరిగింది. వారిలో సగం మందికి రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ డి, తక్కిన వారికి మందు లేని మాత్ర సుమారు ఐదేళ్ళపాటు ఇచ్చారు. 2018లో వెలువడిన ఫలితం ఆశావహులను నిరాశపరిచింది. క్యాన్సరు సోకడం తగ్గలేదు. అయితే వారు పరిశోధన ఆరంభంలో క్యాన్సరు లేనివారు. ఇప్పటికే వ్యాధితో పోరాడుతున్న వారి మాట వేరు. 2024లో లండన్‌లోని ఫ్రాన్సిస్ క్రిక్ సంస్థ ఎలుకలపై జరిపిన ప్రయోగం వింతగొలుపుతుంది. విటమిన్ డి సమృద్ధిగా తిన్న ఎలుకల ప్రేగులలో ఒక జాతి బాక్టీరియా వృద్ధి చెందింది. వాటి శరీరం కణితిని మరింత గట్టిగా ఎదిరించింది. రోగనిరోధక శక్తిని ప్రేరేపించే ఇమ్యునోథెరపీ కూడా వాటిలో మెరుగుగా పనిచేసింది. ఎలుకకు జరిగినదంతా మనిషికీ జరుగుతుందని చెప్పలేము.

చికిత్సవల్ల ఆకలి తగ్గి, ఎండ ముఖం చూడక గదికే పరిమితమైన రోగిలో ఈ విటమిన్ లోపించడం సహజం. ఆ లోపాన్ని పూరించవలసిందే. కాని ఆత్రుతతో బంధువులు కొనితెచ్చే మాత్రలు మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కొన్ని రకాల క్యాన్సర్లు ఏ మాత్రా లేకుండానే కాల్షియంను పెంచుతాయి. అందువలన రక్తంలో ఈ రెండింటి పరిమాణం పరీక్షించిన తరువాతనే వైద్యుడు మోతాదు నిర్ణయిస్తాడు.