పెరటికి బాంటము కోడి

ఈ సంవత్సరము పాఠశాల తెరచిన నాటినుండి విద్యార్థులు కొందరును, వారి తలిదండ్రులు కొందరును మమ్ము ఒకే ప్రశ్న అడుగుచున్నారు: "చిన్నజాతి కోళ్లను పెంచవలెనని యున్నది. ఏ జాతిని తెచ్చుకొనుమందురు?" సంతలలోను, చేతిఫోనులలోని చిత్రములలోను కనబడు పొట్టికోళ్ల సొగసును చూచి పిల్లలు ముచ్చటపడుట సహజమే. అయినను చిత్రమును చూచి కోడిని ఎన్నుకొనుట, కొమ్ములకు పూసిన రంగును చూచి ఎద్దును కొనుట వంటిది. అందుచే ఈ విషయమును గూర్చి మేము చదివినదియు, మా పాఠశాల పిల్లల యిండ్లలో కన్నులార చూచినదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

బాంటము అను పేరు జావా ద్వీపపు పడమటి కొనయందలి బాంటెన్ రేవునుండి వచ్చినది. మిరియాల వర్తకమునకై 1602లో ఆంగ్లేయుల ఓడలు అచ్చటికి చేరెను. 1611లో వారు మచిలీపట్నమునకు వచ్చి, మన సాలెవాండ్రు నేసిన బట్టలను కొని బాంటెనునకు గొనిపోయి, అచ్చట వానికి మారుగా మిరియములను గైకొనసాగిరి. ఆ రేవున నావికులు సంపాదించిన చిన్నకోళ్లకు ఆ యూరి పేరే నిలిచిపోయినది. పిమ్మట ఏ దేశపు చిన్నకోడినైనను బాంటమనియే పిలిచిరి.

వీనిలో రెండు తెగలు కలవు. పెద్ద రూపము బొత్తిగా లేక, పుట్టుకతోనే చిన్నవైనవి మొదటి తెగ. పెద్దజాతిని తరతరములుగా కుదించి తీసిన మరుగుజ్జులు రెండవ తెగ. మన పందెపు అసీలు పుంజు మూడు నాలుగు కిలోలు తూగును. సీబ్రైటు బాంటము పుంజు ఆరువందల గ్రాముల చిల్లర మాత్రమే. గ్రుడ్డును మామూలు గ్రుడ్డులో ఇంచుమించు సగముండును. కావున గ్రుడ్లను అమ్మి లాభము పొందవలెనని తలచువారు ఈ వ్యాసమును ఇంతటితో విడిచి, నాటుకోడినే పెంచుకొనుట మేలు. బాంటమును పెంచుట అందమునకు, ముచ్చటకు. అంతకంటెను ముఖ్యముగా, ప్రాణి గుణములు తలిదండ్రులనుండి బిడ్డలకు ఎట్లు సంక్రమించునో కన్నులయెదుట చూచుటకు.

అందమున మొదట చెప్పదగినది సీబ్రైటు. సర్ జాన్ సీబ్రైటు అను ఆంగ్ల భూస్వామి పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో దీనిని తీర్చిదిద్దెను. వెండి వన్నెది ఒకటి, బంగారు వన్నెది ఒకటి. ఒక్కొక్క ఈకకును చుట్టును సన్నని నల్లని అంచు, చీరకు అంచు నేసినట్లే యుండును. కాకి, డేగ, సేతు, నెమలి యని కోళ్ల వన్నెలకు ఎన్నో పేర్లు పెట్టిన మన పెద్దలు దీనిని చూచియుండినచో ఏమని పిలిచెడివారో! ఈ జాతిలో ఇంకొక వింత కలదు. పుంజునకు సాగిన మెడయీకలు గాని, కొడవలి తోక గాని లేక, పెట్టకున్నట్టి ఈకలే యుండును. టి. హెచ్. మోర్గను అను శాస్త్రజ్ఞుడు ఈ పుంజుల వృషణములను తొలగించి చూడగా వానికి పుంజు ఈకలే మొలచినవని 1919లో ప్రకటించెను. ఇది తలక్రిందుగా తోచును గదా! కారణము తరువాత తెలిసినది: ఈ జాతి కోడి చర్మము పురుష హార్మోనును స్త్రీ హార్మోనుగా మార్చివేయును. మూలపదార్థమే లేకున్న మార్చుటకు ఏమియు నుండదు. ఇంత చదివిన పిమ్మట సీబ్రైటునే తెత్తుమని పిల్లలు పట్టుపట్టుదురేమో. వలదు. పుంజులు తరచు గొడ్డుపోవును, పిల్లలు సుకుమారములు, పెట్టలు సరిగా పొదుగవు. చేయి తిరిగినవారికే ఇది తగును.

జపాను దేశపు చాబో కథ వేరు. దీనిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. కాళ్లు ఎంత పొట్టివనగా నడచునప్పుడు పొట్ట నేలను తాకునట్లుండును. తోక నిట్టనిలువుగా లేచి తలకంటెను ఎత్తుగా నిలుచును. మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువు బాలిక యొకతె దాచుకొనిన డబ్బుతో ఒక జతను తెచ్చుకొనినది. పెట్ట క్రింద పండ్రెండు గ్రుడ్లు పెట్టి, ఎనిమిదవనాటి రాత్రి చీకటిగదిలో ఒక్కొక్క గ్రుడ్డును దీపమునకు అడ్డముగా పట్టి చూచినది. ఒకటి వట్టిది. మూడింటిలో ప్రాణము పోయి రక్తపు ఉంగరము మాత్రము మిగిలియున్నది. తక్కిన యెనిమిదియు ఇరువది యొకటవనాటికి పిల్లలైనవి. అందు రెండింటి కాళ్లు మామూలు కోడిపిల్లల కాళ్లవలె పొడుగుగా నుండెను.

ఇంటిలో వివాదము పుట్టినది. గ్రుడ్లను మాటిమాటికి ముట్టుకొనుటచే మూడును చచ్చినవని తల్లి కోపగించినది. "మామ్మా, నేను ఒక్కసారియే చూచితిని" అని బాలిక మొరపెట్టుకొన్నను వినువారు లేరు. దిష్టి తగిలినదని మామ్మ నిశ్చయము. పొడుగుకాళ్ల పిల్లలను చూచి, కలగలుపు జాతిని అంటగట్టి అమ్మినవాడు మోసగించినాడని తండ్రి. ఆ బాలిక రెండు దినములు బడికి రాలేదు. వచ్చిననాడు మేము నల్లబల్లపై నాలుగు గళ్లు గీసి చూపితిమి.

ప్రతి పొట్టికాళ్ల చాబోయందును ఒక పొట్టి జన్యువును, ఒక మామూలు జన్యువును ఉండును. తల్లియు తండ్రియు పొట్టివైనచో బిడ్డలలో నాలుగింట ఒక వంతునకు రెండును మామూలు జన్యువులే వచ్చును, అవి పొడుగుకాళ్లవి. రెండు వంతులకు ఒకటి అది, ఒకటి ఇది వచ్చును; అవి పొట్టివి. మిగిలిన వంతునకు రెండును పొట్టి జన్యువులే వచ్చును. అట్టివి గ్రుడ్డులోనే, చాలవరకు మొదటి వారముననే చచ్చును. కావున ఎవరు ముట్టుకొన్నను ముట్టుకొనకున్నను ఆ నష్టము తప్పదు. అమ్మినవాడు మోసగాడు కాడు. బాలిక నిర్దోషి. ఒక్క పొదుగులో లెక్క సరిగా నాల్గవ వంతే యుండవలెనని లేదు. బొమ్మ బొరుసు వేసినట్లు అటునిటు నగును. ఎన్నో పొదుగులను కూడి చూచినచో ఆ లెక్కకు దగ్గరగును.

ఉపాయము సులభము: పొట్టి పుంజునకు పొడుగుకాళ్ల పెట్టను జతచేయవలెను. అప్పుడు బిడ్డలు సగము పొట్టివి, సగము పొడుగువి. ఈ కారణముచే చచ్చునది ఒక్కటియు నుండదు. పనికిరావని పారవేయబోయిన ఆ పొడుగుకాళ్ల పిల్లలలో ఒకటి పెట్ట యగుట బాలిక అదృష్టము. మరుసటి యేడు దాని గ్రుడ్లు పదింటిని పొదిగించగా రక్తపు ఉంగరము ఒక్కటియు కనబడలేదు. మామ్మ మాత్రము దిష్టి తీయుట మానలేదు.

పెకిన్ బాంటము 1860 ప్రాంతమున చైనానుండి ఇంగ్లండు చేరినది. సాధువు, పిల్లల చేతిలో ఒదిగియుండును, మంచి తల్లి. అయినను దాని కాళ్లనిండ ఈకలు. మన గంజాము ప్రాంతమున జ్యేష్ఠమునుండి కార్తీకపు తుపానులవరకు పెరడు ఎట్లుండునో వేరుగ చెప్ప నక్కరలేదు. ఆ బురద ఈకలకు పట్టి గడ్డకట్టును. కాళ్ల పొలుసుల క్రింద పురుగు చేరును. గచ్చునేల గల వారే దీనిని తలపెట్టవలెను. మలేషియా దేశపు సెరామా అన్నింటికంటె చిన్నది, అర కిలో యైనను తూగదు. మన వేడికి ఓర్చును గాని కాకియే దాని పిల్లను తన్నుకొనిపోగలదు. రోజుకూంబు అను జాతికి తలపై గులాబివంటి జుట్టు. ఆ జుట్టు జన్యువు రెండు ప్రక్కలనుండియు వచ్చిన పుంజునకు సంతానశక్తి తగ్గును.

మొదటిసారి పెంచువారికి మేము చెప్పునది ఓల్డు ఇంగ్లీషు గేము బాంటము. ఈకలు ఒంటికి అంటియుండుటచే వాన త్వరగా జారిపోవును, గట్టి ప్రాణము, పెట్ట పొదుగును, పిల్లలను కాచును. రెండు పుంజులను మాత్రము ఒక గూటనుంచరాదు, చచ్చువరకు పోరాడును. అది దొరకనిచో సిగ్గుపడక ఊరిలోని చిన్న నాటుపెట్టనే యెన్నుకొనుడు. తమిళనాట దీనివంటిదానినే సిరువిడై యందురు. మన పెరటి యెండకు, వానకు, గద్దకు తరతరములుగా అలవాటుపడినది అదియే. పైగా సీబ్రైటు గ్రుడ్లను పొదిగించుటకైనను తుదకు ఇట్టి పెట్టయే కావలెను.

ఒక పుంజు, రెండు పెట్టలు ఆరంభమునకు చాలును. పుంజును ఒక యింటను, పెట్టలను వేరొక యింటను కొనుడు. తోబుట్టువులనే తరతరములు జతచేసినచో గ్రుడ్లు పొదుగుట తగ్గును. తెచ్చిన కోళ్లను రెండు మూడు వారములు పాతవానికి దూరముగ నుంచవలెను. గూటికి రాత్రి తలుపు లేనిచో ముంగిస ఒక్కనాటిలోనే లెక్క ముగించును.

కొక్కెర తెగులునకు విడిచిన టీకా వేయింపక కోళ్లను పెంచుట వలదు. పిల్లకు వారము దినములు నిండులోపల కంటిలోనో ముక్కులోనో చుక్క, రెండు నెలల ప్రాయమున సూది. ఇచ్చటనే చిన్నయింటివారికి ఒక చిక్కు: మందు సీసా నూరు కోళ్లకు, అంతకు మించి సరిపోవునట్లు వచ్చును, ఒకమారు కలిపినచో కొద్ది గంటలలో వాడివేయవలెను, అంతవరకు మంచుగడ్డపై నుంచవలెను. ఆరు కోళ్లకై సీసా తెరచుటకు ఎవరికిని మనసొప్పదు. అందుచే వీధివారందరును ఒక దినము నిర్ణయించుకొని, పశువైద్యశాలకు ముందుగా తెలిపి, తెల్లవారుజామున గంపలతో ఒకచోట చేరుడు. పొరుగున నున్న ఒడియావారి కుకుడాలును, మన కోళ్లును ఒకే సీసాతో సరిపోవును.